ఇల్లు అమ్మకానికి పెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఈ ఆదివారమే ఇల్లు ఆన్‌లైన్‌లో పెట్టేస్తామని, వంటగది రంగులు తర్వాత మెల్లగా వేయించుకుంటామని అల్లుడుగారు ఫోన్‌లో చెప్పారు. ఆయనతో వాదించడం బాగుండదని ఊరుకున్నాను. నీకైతే చెప్పొచ్చు కదా. అప్పుడే పెట్టకండి. రంగులు అయ్యేదాకా ఆగండి.

నెలల తరబడి ఇల్లు వెతుకుతున్నవాళ్లు తమకు కావలసిన ఏరియా, గదులు, బడ్జెట్ చెప్పి, ఇళ్లమ్మే సైట్లలో అలర్ట్‌లు పెట్టుకుని ఉంటారు. మీ ఇల్లు ఆన్‌లైన్‌లోకి ఎక్కగానే ముందు వాళ్ల ఫోన్లకే కబురు వెళ్తుంది. లోను సంగతి మాట్లాడుకుని, నాలుగైదు ఇళ్లు చూసి, దేనికెంత పెట్టొచ్చో తెలిసినవాళ్లు ఎక్కువగా వీళ్లలోనే ఉంటారు. సగం రంగు వేసిన వంటగది ఫొటో చూసి వాళ్లు పక్కన పెట్టేశారనుకో, రంగులు పూర్తయ్యాయని తర్వాత వాళ్లకు ఎవరు చెబుతారు? అందుకే మొదటి రెండు వారాల్లో ఉండే ఊపు మళ్లీ రాదు. పైగా రోజులు గడిచేకొద్దీ "ఇన్నాళ్లుగా ఎందుకు అమ్ముడుపోలేదు, ఏం లోపముందో" అని కొత్తగా చూసేవాళ్లు అనుమానపడతారు.

ఫొటోల దగ్గర మాత్రం బద్ధకించకు. మనిషి మీ గుమ్మందాకా రావాలా వద్దా అన్నది తేలేది అక్కడే. పగటిపూట కర్టెన్లు పక్కకు లాగి, లైట్లు కూడా వేసి, గది మూలలో నిలబడి, ఫోన్‌ను అడ్డంగా ఛాతీ ఎత్తులో పట్టుకుని తియ్యి. నిన్న పంపినవాటిలో హాలు బాగానే ఉంది గానీ, సోఫా మీద మడతపెట్టని బట్టలు, అద్దంలో ఫోన్ పట్టుకున్న నువ్వు! బాత్రూమ్‌లో బకెట్లు, చీపురు తీసేసి, కమోడ్ మూత వేసి మళ్లీ తియ్యి. పిల్లల ఫొటోలు, బీరువా కనపడనీయకు, ఎవరెవరు చూస్తారో మనకేం తెలుసు. గదిని పెద్దగా చూపించే ఆ వైడ్ లెన్స్ జోలికి పోవద్దు. హాలు అంత ఉంటుందనుకుని వచ్చినవాళ్ల మొహం గుమ్మంలోనే మారిపోతుంది. బాల్కనీలోంచి వెలుతురు పడే ఫొటోను మొదట పెట్టు. గదుల కొలతలతో ప్లాను కూడా జతచేస్తే, తమ మంచం పడుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని, పడేవాళ్లే వస్తారు.

ధర గురించి ఒక్కమాట. కొనేవాళ్లు వెతికేటప్పుడు "ఇంతవరకు" అని ఒక గుండ్రటి అంకె పెట్టుకుంటారు. 100 దాకా వెతికేవాళ్లకు 101 చెప్పిన ఇల్లు అసలు కనిపించనే కనిపించదు. బేరానికి ఉండాలని మరీ పైకి చెబితే, బేరం ఆడాల్సినవాళ్లే రారు.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్లు. ఫోన్ వస్తే వెంటనే ఎత్తండి. సాయంత్రం తిరిగి చేద్దామనుకునేలోపు వాళ్లు ఇంకో ఇంటికి టైమ్ ఇచ్చేసుకుంటారు. ఆఫీసులయ్యాక, సెలవు రోజుల్లో రమ్మనండి. ఒకే పూట దగ్గర దగ్గర టైములిస్తే ఒకళ్లు దిగుతుంటే ఇంకొకళ్లు ఎక్కుతారు, ఈ ఇంటికి గిరాకీ ఉందని వాళ్లకే అర్థమవుతుంది. కిటికీలు ముందే తెరిచిపెట్టు. ఇంటి వాసన ఇంట్లోవాళ్లకు తెలియదు. వాళ్ల వెనకాలే తిరుగుతూ ప్రతి అలమరా గురించీ చెప్పకండి. వాళ్లలో వాళ్లు మాట్లాడుకోనివ్వాలి. వెనక గదిలో చెమ్మ సంగతి మాత్రం అడగకముందే చెప్పేయండి, ఎలాగూ బయటపడేదే.

రెండు వారాలయ్యాక కూర్చుని లెక్క చూసుకోండి. ఆన్‌లైన్‌లో చూస్తున్నారు గానీ ఫోన్లు రావట్లేదంటే ఫొటోల్లోనైనా, ధరలోనైనా తేడా ఉన్నట్టే. వచ్చి చూసి కూడా బేరానికి దిగట్లేదంటే, వాళ్లు అనుకున్నదానికి, ఇక్కడ కనిపించినదానికి పొంతన లేదన్నమాట. వెళ్లేటప్పుడు "ఏం నచ్చలేదండీ" అని అడిగేస్తే టెన్షన్ ఉండదు. ముగ్గురు ఒకే మాటంటే అది సరిచెయ్యండి.

తాళంచెవి ఒకటి మాకు పంపు. మీరిద్దరూ ఆఫీసులో ఉన్నప్పుడు ఎవరైనా వస్తానంటే నేనెళ్లి తలుపు తీస్తాను. మాట్లాడనులే, మీ అమ్మ అప్పుడే నా దగ్గర మాట తీసుకుంది.

ఇట్లు,
నాన్న