అత్త పక్కనుంటే కోడలు ఏం చెబుతుంది?

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ, పీజీ ప్రాజెక్టుల కోసం గృహహింస మీద సర్వేలకని అనంతపురం, కర్నూలు, కడప పల్లెలకు వెళ్లే విద్యార్థులకు, వాళ్ల గైడ్లకు ఈ ఉత్తరం. వాకిట్లో నిలబడి, అత్త పక్కనే ఉండగా "మీ ఇంట్లో హింస ఉందా అక్కా?" అంటే "అట్లాంటిదేం లేదు" అనే వస్తుంది. దాన్ని పట్టికలో ఎక్కించి ఫలానా ఊళ్లో హింస తక్కువని రాయడం తప్పు. ఆ ప్రశ్న వల్ల రాత్రికి ఆమె దెబ్బలు తినాల్సి వస్తే అది అంతకన్నా పెద్ద తప్పు.

'హింస' అన్నది కాగితం మీది మాట. మన ఆడవాళ్లు "చెయ్యి చేసుకుంటాడు", "తాగొచ్చి నాలుగు తగిలిస్తాడు" అంటారే గాని దాన్ని హింస అనుకోరు. అందుకే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో పనినీ విడిగా అడుగుతారు: తోశాడా? చెంప మీద కొట్టాడా? చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా? తన్నాడా? గొంతు నులిమాడా? ఇష్టం లేకున్నా బలవంతం చేశాడా? ఔనంటే గత 12 నెలల్లో ఎంత తరచుగా జరిగిందో అడుగుతారు. 2019-21 సర్వేలో, హింసకు గురైన వాళ్లలో 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరికీ చెప్పని మాటను మన ముందు విప్పమంటున్నామన్నది గుర్తుండాలి.

ఇంటికి ఒక్కరినే అడగాలి. తోడికోడళ్లిద్దరినీ అడిగితే ప్రశ్నలు ఇల్లంతా తెలుస్తాయి, ఎవరేం చెప్పారన్న ఆరా మొదలవుతుంది. రెండేళ్లు దాటిన పిల్లలు కూడా దగ్గర ఉండకూడదు. మాటలొచ్చిన పిల్లాడు నాన్న రాగానే చెప్పేస్తాడు. ఊళ్లో సర్వే పేరు 'ఆడవాళ్ల ఆరోగ్యం' అని చెప్పాలి. ఆమెకు మాత్రం అసలు విషయం ముందే చెప్పి, ఒప్పుకుంటేనే అడగాలి. మధ్యలో ఎవరైనా వస్తే మాట తిప్పడానికి టీకాల గురించో తాగునీళ్ల గురించో ప్రశ్నలున్న కాగితం పైన పెట్టుకోవాలి. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం వదిలేయాలి, జాతీయ సర్వేలో చేసేదీ అదే. అదే ఊరి ఆశ కార్యకర్తతోనో పొదుపు సంఘం లీడరుతోనో అడిగించొద్దు. ఎంత మంచివాళ్లయినా రేపు బోరింగు దగ్గర ఎదురుపడేది వాళ్లే.

గూగుల్ ఫారం లింకు వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు సులువైపోయింది. చాలా ఇళ్లలో ఆ ఫోను మొగుడి చేతిలో ఉంటుంది. సంతకం చేయించి సమ్మతి పత్రం నకలు ఇంట్లో వదిలి రావడమూ అంతే ప్రమాదం. నోటి మాటగా ఒప్పుకుంటే చాలు, ఆమె ఒప్పుకుందని అడిగినవాళ్లే రాసుకోవచ్చు. నివేదికలో ఫొటోలు వద్దు. చిన్న పల్లెలో ఊరి పేరు, కులం, భర్త చేసే పని రాస్తే పేరు రాసినట్టే.

ఆదోని, కోసిగి వైపు మిరపకోతలకు గుంటూరుకు వలస వెళ్లే నెలల్లో సర్వే పెడితే ఇళ్లలో ముసలివాళ్లే దొరుకుతారు. ఆదివారాలైతే మగవాళ్లు ఇంట్లోనే ఉంటారు. ఉర్దూ, కన్నడ ఇళ్లకు ఆ భాష వచ్చిన ఆడపిల్లలే వెళ్లాలి.

18 ఏళ్ల లోపు అమ్మాయిలను ఈ సర్వేల్లో కలపొద్దు. వాళ్లపై లైంగిక దాడి సంగతి తెలిస్తే, పిల్లల రక్షణకున్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. అప్పుడు 'ఎవరికీ చెప్పం' అన్న మాట నిలబెట్టుకోలేం.

లేచి వచ్చే ముందు 108 (అంబులెన్సు), 1098 (పిల్లల సాయం), 112 (అత్యవసరం) నంబర్ల మధ్య మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా అచ్చువేసిన చిన్న చీటీ ఇవ్వాలి. ఒక్క 181 మాత్రమే ఉంటే చూసినవాళ్లకు అనుమానం వస్తుంది. రోజంతా ఇవి విన్న విద్యార్థినులతో సాయంత్రం గైడు కూర్చుని మాట్లాడాలి. ఆ పిల్లల్లోనూ ఇంట్లో దెబ్బలు తినేవాళ్లు ఉంటారు.

ఇంత ఏర్పాటు చేయలేని విభాగాలు దయచేసి పల్లెలకు పిల్లల్ని పంపకండి. అచ్చయిన సర్వే నివేదికల్లోని అంకెలతోనే ప్రాజెక్టు చేయించండి.

— సామాజిక పరిశోధకులు కొందరు, అనంతపురం