బంతి ఎలా పడుతుందో కంప్యూటరుకు చెప్పగలరా?

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

8, 9 తరగతుల సైన్సు పీరియడ్లలో వారానికి ఒకటి ఇప్పుడు కంప్యూటర్ ల్యాబులో జరుగుతోందని మీ పిల్లలు చెప్పే ఉంటారు. పాఠాలు పక్కన పెట్టి కోడింగ్ నేర్పుతున్నారా అని మీలో కొందరు అడిగారు. పాఠం పక్కకు పోలేదు. పిల్లవాడికి పాఠం నిజంగా అర్థమైందో లేదో తెలుసుకోవడానికి మాకు దొరికిన మంచి మార్గాల్లో ఇది ఒకటి కాబట్టే దీన్ని చేపట్టాము.

ఇందుకు వాడుతున్నది స్క్రాచ్ అనే ఉచిత ప్రోగ్రాం. అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబులో రూపొంది, 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇందులో ఆదేశాలు రంగు బ్లాకుల రూపంలో ఉంటాయి. వాటిని ఒకదాని కింద ఒకటి చేరిస్తే చాలు కాబట్టి, టైపింగ్ రాని విద్యార్థి కూడా మొదటి రోజే పని మొదలుపెట్టగలడు.

స్వేచ్ఛా పతనం పాఠాన్నే తీసుకుందాం. పై నుంచి వదిలిన బంతిని తెర మీద చూపమంటే, చాలామంది పిల్లలు ప్రతిసారీ బంతిని 5 ప్రమాణాల చొప్పున కిందికి జరిపే ఆదేశం రాస్తారు. గురుత్వ త్వరణం, అంటే పడే వస్తువు వేగం పెరిగే రేటు, సెకనుకు సెకనుకు 9.8 మీటర్లని పరీక్షలో తప్పు లేకుండా రాసే విద్యార్థులు కూడా ఇలాగే చేస్తారు. బంతి లిఫ్టులో దిగుతున్నట్టు ఒకే వేగంతో దిగుతుంది. అప్పుడు ఉపాధ్యాయులు జవాబు చెప్పరు. పిల్లలను వరండాలోకి తీసుకెళ్లి, గోడకు టేపు కట్టి, నిజమైన బంతిని వదిలి ఫోనులో వీడియో తీయిస్తారు. సెకనుకు 30 చిత్రాలు తీసే మామూలు వీడియోలో, 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి దాదాపు 19 చిత్రాల్లో నేలను తాకుతుంది. ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా జరుపుతూ చూస్తే, బంతి ఉన్న చోట్ల మధ్య దూరం కిందికి వచ్చేకొద్దీ పెరగడం కళ్లకు కడుతుంది. తిరిగి ల్యాబుకు వచ్చిన పిల్లలు 'వేగం' పేరుతో ఒక చరరాశిని, అంటే మారే విలువను దాచుకునే చోటును, పెట్టి, బంతి జరిగిన ప్రతిసారీ ఆ వేగాన్నే పెంచుతారు. త్వరణమంటే ఏమిటో అక్కడ తేటతెల్లమవుతుంది. ఆ పెరుగుదలను ఆరో వంతుకు తగ్గిస్తే చంద్రుడి మీద పతనం కనిపిస్తుంది. గాలి నిరోధాన్ని కూడా కలపాలని పట్టుబట్టే పిల్లలు ప్రతి సెక్షనులోనూ ఉంటారు, వారిని మేము ఆపడం లేదు.

వరండాలో కొలత మాత్రం ఎప్పటికీ మానము. తెర మీది బంతి పైకి పడమంటే పైకే పడుతుంది. అది ప్రకృతి మాట వినదు, మనం రాసిన నియమాన్నే వింటుంది.

వ్యాపనం పాఠంలోనూ ఇదే పద్ధతి. అగరుబత్తి వాసన గది అంతా ఎలా పాకుతుందో చూపడానికి, ఎటు పడితే అటు కదిలే చుక్కలను పిల్లలు సృష్టిస్తారు. ఒక చుక్కను తయారుచేసి దానికి నకళ్లు తీస్తారు, కానీ స్క్రాచ్ ఒకేసారి 300 నకళ్లకు మించి అనుమతించదు. చెంచాడు గాలిలోనే కోట్ల కోట్ల అణువులుంటాయి గనుక, నమూనాలో ఏది వదిలేశామో, అయినా అది ఎంతవరకు పనికొస్తుందో పిల్లలు నోటుపుస్తకంలో రాయాలి.

మీరు కంప్యూటరుగానీ ట్యాబుగానీ కొనవలసిన అవసరం లేదు. ల్యాబులో ఇద్దరికి ఒక యంత్రం చొప్పున సరిపోతున్నాయి, ఇంటికి తెర మీద చేసే పని ఇవ్వడం లేదు. నియమాన్ని ముందు కాగితం మీద మాటల్లో రాశాకే యంత్రం ముందు కూర్చోనిస్తాము. దీనికి వేరే మార్కులూ లేవు, వేరే రుసుమూ లేదు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. ఏ ప్రోగ్రాం చేశావని కాకుండా, బంతికి ఏ నియమం ఇచ్చావు, అది సరైనదని ఎలా తేల్చుకున్నావని అడగండి. పిల్లల నోటుపుస్తకాలను వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో తరగతి గదుల్లోనే ఉంచుతాము. వీలైతే సైన్సు ఉపాధ్యాయులతో కొంతసేపు కూర్చుని చూడగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు