కుండీలో గొడుగు మొలిస్తే మొక్కకు మందెందుకు?

సంపాదకులకు నమస్కారం.

ఈ వానలకు మా అపార్ట్‌మెంటులో మూడు నాలుగు ఇళ్ల బాల్కనీ కుండీల్లో నిమ్మపండు రంగు పుట్టగొడుగులు మొలిచాయి. రాత్రి పడుకునేటప్పుడు లేనివి తెల్లారేసరికి గుంపుగా నిలబడి ఉండడం చూసి మా పక్కింటావిడ కంగారుపడి దగ్గరలోని ఒక నర్సరీకి వెళితే, అక్కడివారు అది మొక్కకు సోకిన తెగులని నమ్మబలికి, కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు పొట్లం ఒకటి చేతిలో పెట్టి పంపారు. ఆమె ఆ మందునీళ్లు పోసింది కరివేపాకు కుండీలో! వేళ్ల ద్వారా మొక్క లోపలికి చేరి ఆకుల దాకా వెళ్లే మందు అది. నేను వారించకపోతే మర్నాడే ఆ రెబ్బలు పోపులో పడేవి. ఎన్నో ఏళ్లు వృక్షశాస్త్రం బోధించినదాన్ని కాబట్టి, ఈ విషయం పది మందికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కుండీల్లో తరచుగా కనిపించే ఈ పసుపుపచ్చ పుట్టగొడుగు శాస్త్రీయ నామం ల్యూకోకోప్రైనస్ బర్న్‌బామీ. చలిదేశాల వారికి ఇది మొదట మొక్కలను పెంచే వెచ్చని గాజు గదుల్లోనే కనబడింది. ఇంగ్లండులోని హాలిఫాక్స్‌కు చెందిన జేమ్స్ బోల్టన్ అనే ప్రకృతి పరిశీలకుడు 1788లోనే దీన్ని వర్ణించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరులోని ‘బర్న్‌బామీ’ అన్న మాట మాత్రం 1839లో కోర్డా అనే శాస్త్రవేత్త బర్న్‌బామ్ అనే తోటల పర్యవేక్షకుడి పేరు మీద పెట్టినది. మనది ఎలాగూ వెచ్చని దేశమే కనుక దానికి ఇక్కడ గాజు గది అక్కర్లేదు, తడి ఆరని కుండీ చాలు.

ఇది బతికేది మొక్క మీద కాదు. కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు, చివికిన ఆకులు వంటి నిర్జీవ పదార్థాన్ని తిని, అందులోని పోషకాలను మట్టిలోకి విడుదల చేస్తుంది. సజీవమైన వేళ్ల జోలికి పోదు. మనకు పైన కనబడే గొడుగు ఒకటి రెండు రోజుల్లో వాడి వాలిపోతుంది, కానీ అసలు శిలీంధ్రం సన్నని దారాలుగా మట్టి నిండా అల్లుకుని ఉంటుంది. అందువల్ల మందు పోసినా అది పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. ఒకవేళ పోయినా గాలిలో వచ్చే బీజాలతో, కొత్తగా కలిపే ఎరువుతో మళ్లీ రావచ్చు. ఈలోగా కార్బెండజిమ్ వానపాములకు హాని చేస్తుంది. వర్మీకంపోస్టు కొని తెచ్చి వేసిన చేత్తోనే ఈ మందు కూడా పోయడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

అయితే ఒక మాట. గొడుగులు పదే పదే వస్తున్నాయంటే కుండీలో నీరు ఎక్కువవుతూ ఉండవచ్చు. ఆ అతి తడి వల్ల వేళ్లు కుళ్లితే ఆ తప్పు నీళ్లదే తప్ప పుట్టగొడుగుది కాదు. పైన అంగుళం మేర మట్టి ఆరాకే నీళ్లు పోయడం, అడుగున చిల్లు మూసుకుపోకుండా చూడడం ఎక్కువ మేలు చేస్తాయి.

నిజంగా భయపడవలసింది పసిపిల్లల గురించి, పెంపుడు జంతువుల గురించి. ఈ పుట్టగొడుగు తినదగినది కాదు, తింటే వాంతులు, విరేచనాలు కావచ్చు. పాకే వయసు బిడ్డకు ఆ రంగు చూస్తే నోట్లో పెట్టుకోవాలనే అనిపిస్తుంది. కనుక టోపీ విచ్చుకోకముందే మొదలుకంటా పెరికి, సంచిలో కట్టి చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కోవాలి. పిల్లలు తిన్నారని అనుమానం వస్తే మిగిలిన ముక్కను వెంటబెట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తొలకరికి పుట్టల మీద మొలిచేవి వండుకు తినే అలవాటు మన పల్లెల్లో ఉంది, ఆ ధైర్యంతో కుండీలోవి కూర వండబోవద్దు. వెండి నల్లబడితే విషం, లేకపోతే మంచిది అన్న పాత పరీక్షకు ఏ ఆధారమూ లేదు.

మీ ఆదివారం అనుబంధంలోని తోటపని శీర్షికలో ఈ సంగతి ఫొటోతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. తినే ఆకు పెరిగే కుండీలో ఏ మందైనా పోసేముందు, అది ఆ పంటకు అనుమతించినదేనా, ఎన్నాళ్ల తర్వాత ఆకు కోయవచ్చు అని అమ్మేవారిని అడగమని కూడా అందులో రాయగలరు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయిని, విజయవాడ