తూము కింద మిగిలిన పొలం

మన ఊరు,
సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు, రాత్రి.

ఒరేయ్ నేస్తం,

పండుగకు నువ్వు వస్తావని చూశాను. రాలేదు కాబట్టి, అరుగు మీద కూర్చుని చెప్పాల్సిందంతా కాగితం మీద పెడుతున్నాను. ఫోనులో నువ్వు అడిగింది ఒకటే: "తూము దగ్గర మా రెండెకరాలు రొయ్యల చెరువుకు లీజు అడుగుతున్నారు, ఇచ్చేయనా?" ఆ రోజు నాకు నోట మాట రాలేదు. ఆ రెండెకరాలు ఆయకట్టులో ఎక్కడున్నాయో, వాటి చుట్టూ ఎవరున్నారో నువ్వు మరిచిపోయావేమో అనిపించింది. అందుకే ఈ ఉత్తరం. పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదువు.

ఇప్పుడు రాత్రి పది దాటింది. దాళ్వా, అదే రెండో పంట వరి, ఊడ్పుల రోజుల్లో ఈ వేళకు మన చిన్నప్పుడు కప్పల అరుపులు తప్ప ఇంకేమీ వినబడేవి కావు. ఇప్పుడు పడమటి వైపు నుంచి, రొయ్యల చెరువుల నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు తెల్లవార్లూ వస్తూనే ఉంటుంది, దూరంగా వాన పడుతున్నట్టు. కరెంటు పోయిందంటే ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగుతుంది. వెంటనే గట్ల మీద టార్చిలైట్లు పరుగులు తీస్తాయి. జనరేటర్ వేయడం ఆలస్యమై నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే, మూడు నెలల కష్టం తెల్లారేసరికి తేలిపోతుంది. చెరువులు వేసినవాళ్ల మీద నాకు కోపం లేదురా. వాళ్లు నిద్రపోయి ఎన్నాళ్లయిందో నేను రోజూ చూస్తున్నాను.

మీ పెద్దనాన్న గారి టైగర్ రొయ్యల రోజులు గుర్తున్నాయా? కొత్త మోటార్‌సైకిల్ కొని మనిద్దరినీ ముందూ వెనకా కూర్చోబెట్టుకుని నరసాపురం దాకా తిప్పి తెచ్చారు. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ వ్యాధి వచ్చింది. పెంకుల మీద సున్నపు చుక్కల్లా మచ్చలతో రొయ్యలు గట్టు పక్కకు కొట్టుకొచ్చాయి. ఆ మోటార్‌సైకిల్ కూడా అమ్మేశారు. 2009లో వెనామీ అనే కొత్త రొయ్య రకం పెంపకానికి అనుమతి వచ్చాక మళ్లీ మొదలైంది. ఈసారి సముద్రం ఒడ్డున ఆగలేదు, వరి చేల మధ్యకు వచ్చేసింది. ఉప్పు నీటి కోసం బోర్లు వేశారు. గోదావరి నీళ్లు తాగిన నేల మీద ఉప్పు నీళ్లు నిలబెట్టారు.

వరిలో ఏముందని అడుగుతావు. లెక్క నేనే చెబుతాను, దాచను. బస్తా 75 కిలోలు. 2025-26కు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే బస్తా 1,777. మొన్న సార్వాలో, అంటే వానాకాలం పంటలో, మీ పొలం చేస్తున్న కౌలుదారుకు ఎకరానికి 30 బస్తాలు అయ్యాయి. చేతికి 53 వేలు. దున్నకం, ఊడ్పు, ఎరువులు, పురుగుమందులు, కోత మిషను కలిపి 35 వేలు. నీకు కొలిచిన కౌలు 12 బస్తాలు, అంటే 21 వేలు. కూడుకో. సార్వాలో అతనికి ఎకరానికి మూడు వేలు చేతి నుంచి పడింది. దాళ్వా బాగా పండి 45 బస్తాలు అయితే, 18 బస్తాలు నీకు కొలిచి, అదే ఖర్చు పోను ఒక పదమూడు వేలు మిగులుతుంది. ఏడాదంతా చేసి, ఎకరానికి పది వేలు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయబోమని పంట విరామం ప్రకటిస్తే అంతా వింతగా చూశారు. ఆ లెక్క వాళ్లు అప్పుడే వేసుకున్నారు, అంతే.

కాబట్టి చెరువు లీజుకు ఆ కౌలుకు రెట్టింపు ఇస్తామన్నారని నువ్వు చెబితే నాకు ఆశ్చర్యం కలగలేదు. మా ఎదురింటాయన ఇద్దరు ఆడపిల్లలను ఇంజనీరింగ్ చదివించింది చెరువు డబ్బుతోనే. ఆయన తప్పు చేశాడని నేను ఎలా అంటాను?

కానీ ఒక మాట. మన ఊరు మార్పుకు భయపడే ఊరు కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలువ నీళ్లతోనే మన ఊరు ఊరైంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణ వరి విత్తనం ఇస్తే, పాత రకం అక్కుళ్లు తప్ప మరొకటి తెలియని మా తాతయ్య రెండేళ్లలో మారిపోయాడు. ట్రాక్టరు వచ్చింది, కోత మిషను వచ్చింది, ఇప్పుడు ఊడ్పులకు బెంగాల్ నుంచి కూలీలు కూడా వస్తున్నారు. అయితే వీటిలో ఏదీ పక్కవాడి చేతులు కట్టేయలేదు. మా తాతయ్య స్వర్ణ వేసినప్పుడు మీ తాతయ్య అక్కుళ్లే వేసుకున్నాడు. ఇద్దరికీ పండింది. చెరువు అలాంటిది కాదు. నీ పక్కవాడు తవ్వితే నీ చేను ఊట ఎక్కుతుంది. కోత వేళకు కూడా మడి ఆరదు, మిషను దిగబడిపోతుంది. రెండో ఏడు గట్టు వారన వరి ఎర్రబడుతుంది. మూడో ఏడు నువ్వే వెళ్లి "నాదీ తవ్వండి" అంటావు. మన ఊళ్లో సగం చెరువులు అలా వచ్చినవే. ఆశపడి తవ్వినవాళ్లు కొందరే, దారి లేక తవ్వినవాళ్లే ఎక్కువ.

ఆ దారి కూడా లేనివాళ్లు పేటలో ఉన్నారు. ఎకరం వరికి ఆకుమడి నుంచి కుప్ప దాకా ఎన్ని చేతులు పడేవో నీకు తెలుసు. ఐదెకరాల చెరువుకు ఒక కాపలా మనిషి చాలు. మనతో ఐదో తరగతి చదివిన అమ్మాయి, ఉప్పాట ఎప్పుడూ తనే గెలిచేది కదా, ఇప్పుడు రొయ్యలు వలిచే షెడ్డుకు వెళుతోంది. తెల్లవారుజామున మూడింటికి ఆటో వస్తుంది. ఒక్కో ఆటోలో పది మందికి పైగా ఎక్కుతారు. ఐసు ముక్కల్లో చేతులు పెట్టి కిలోల లెక్కన తలలు తీయడం పని. వేళ్ల సందుల్లో చర్మం ఊడిపోయి ఉంటే, మొన్న పండుగకు గోరింటాకు పెట్టుకోలేదు. "మంట పుడుతుంది" అంది. వాళ్ల అక్క కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఆరేళ్లయింది. ఊళ్లో పని తగ్గితే ఆ భారం ముందుగా ఎవరి మీద పడిందో చూడాలంటే పేటలోకి వెళితే చాలు.

నీళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మంచినీటి చెరువు నీళ్లు ఇప్పుడు ఎవరూ తాగడం లేదు, ఇంటింటికీ టిన్నులు వస్తున్నాయి. గేదెలు బాగా తగ్గిపోయాయి, గడ్డి లేదు కదా. గోదావరి జిల్లాలో పాలు ప్యాకెట్లలో కొనుక్కుంటున్నామంటే మీ అమ్మగారు నమ్మరు.

ఊళ్లు ఊరికే కూర్చోలేదు. 2016లో తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు ప్రజలు, ముఖ్యంగా ఆడవాళ్లు, రొయ్యల ఫ్యాక్టరీ మురుగు గొంతేరు డ్రెయిన్‌లో కలుస్తుందని ఎదురు నిలిచి జైలుకు కూడా వెళ్లారు. మన ఊరు చేసింది అంత పెద్దది కాదు. కానీ అది నీకు తెలియాలి.

మన తూము కింద 60 ఎకరాలు ఉండేవి. ఇప్పుడు వరి మిగిలింది 22 ఎకరాలు, పదకొండు కుటుంబాలు. పోయిన వేసవిలో కాలువలు కట్టేశాక, అందరం రామాలయం అరుగు మీద కూర్చున్నాం. రెండు రాత్రులు వాదనలు జరిగాయి, ఒకాయన లేచి వెళ్లిపోయాడు కూడా. చివరికి మాట అనుకున్నాం. ఈ 22 ఎకరాల్లో ఎవరూ తవ్వరు. తలా కొంత వేసుకుని, చెరువు గట్టుకూ చేలకూ మధ్య ఊట దిగడానికి బోదె, అంటే చిన్న కాలువ, తవ్వించాం. చెరువుల వాళ్లు కూడా వచ్చి తమ వైపు రెండు గజాల జాగా వదిలారు, అది కాదనలేను. ఈ సార్వాలో మొదటిసారి అంచు మళ్లు కోతకు ఆరాయి. చూసి నాకు కళ్ల నీళ్లు వచ్చాయిరా.

ఇప్పుడు చెబుతున్నాను, విను. నీ రెండెకరాలు ఆ 22 ఎకరాలకు సరిగ్గా నడుమ ఉన్నాయి. పంట బోదె నీ చేలో నుంచే కింది ఏడు కుటుంబాలకు నీళ్లు తీసుకెళుతుంది. నువ్వు లీజుకిస్తే మేము తవ్విన ఊట బోదె ఎందుకూ పనికిరాదు. నిన్ను ఆ రాత్రులు పిలవలేదు. ఊళ్లో లేడు కదా అనుకున్నాం. అది మా పొరపాటు, ఒప్పుకుంటున్నాను. ఊరు విడిచి వెళ్లినవాళ్ల చేతిలోనే ఇప్పుడు సగం పొలం ఉందని మాకు అప్పుడు తట్టలేదు.

రెట్టింపు లీజు అన్నారు కదా, అదీ ఏటా నిలిచేది కాదు. 2025 ఆగస్టు చివరలో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే, ఇక్కడ గట్టు మీద కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి ఇచ్చే ధర, పడిపోయింది. కొందరు ఎదగని రొయ్యనే పట్టేశారు. లీజు డబ్బు సగం ఇచ్చి మిగతాది తర్వాత అన్నవాళ్లు ఉన్నారు. పొలం తిరిగి తీసుకుందామంటే, ఉప్పు పట్టిన నేల, ఏడడుగుల గొయ్యి.

నీకు డబ్బు అవసరం లేదని నేను అనను. పాప కాలేజీ ఫీజు సంగతి తెలుసు. అందుకే పదకొండు ఇళ్ల వాళ్లం మాట్లాడుకుని ఒకటి అనుకున్నాం: నీ కౌలు ధాన్యంగా కాకుండా, దాళ్వా కౌలు డబ్బు ముందే ఫిబ్రవరిలో ఇచ్చేస్తాం. మీ కౌలుదారు ఒక్కడి వల్ల కాదు కాబట్టి తలా కొంత సర్దుతాం. కోతలయ్యాక అతను మాకు ఇస్తాడు.

దానికి బదులు నిన్ను ఒకటే అడుగుతున్నాను. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే సాగుదారు కార్డుకు నీ సంతకం కావాలి. పదకొండు నెలలకే చెల్లుతుంది, నీ పట్టాకు ఏమీ కాదు, నేను చదివే చెబుతున్నాను. కార్డు లేక అతను ఇప్పటిదాకా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సాగు చేశాడు. తుఫానుకు చేను పడిపోయిన ఏడు పరిహారం కూడా పట్టా ఉన్న నీ ఖాతాలోనే పడింది. నీకు గుర్తుండకపోవచ్చు. అతనికి గుర్తుంది, కానీ నీతో ఒక్క మాట అనలేదు.

కాగితం ఈ కవరులోనే పెట్టాను. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట సంతకం చేసి పంపు. మనసు ఒప్పకపోతే సంతకం చేయకు, కానీ లీజు వాళ్లకు మాట ఇచ్చే ముందు ఒక్క ఆదివారం వచ్చి తూము మీద నిలబడి చూడు. భీమవరం స్టేషన్‌కు నేనే వస్తాను. ఊడ్పులు ఈ వారంలో అయిపోతాయి. నీ చేలో నిన్ననే నాటారు.

అమ్మగారికి నమస్కారాలు. పాపకు మా ఆవిడ జంతికలు పంపుతోంది.

నీ
తూము పక్క నేస్తం