ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగిన సిస్టర్‌కి, ఇంకొందరికి

మొన్న మనవరాలి స్కూల్లో నాటకం చూశాను. గంటన్నర. విశేషం నాటకంలో లేదు, నేను కూర్చున్న కుర్చీలో ఉంది: వరస మధ్యలో. ఏడాది పైగా ఎక్కడికెళ్లినా తలుపు పక్క కుర్చీయే నాది. మళ్లీ మధ్యలో కూర్చోగలగడానికి కారణమైన వాళ్లకి ఎదురుగా చెప్పిన థాంక్స్ చాల్లేదనిపించి రాస్తున్నాను.

ప్రొస్టేట్ క్యాన్సర్‌కి నాలుగు వారాల్లో 20 సిట్టింగులు రేడియేషన్ తీసుకున్నాను. రోజూ బ్లాడర్ నిండుగా, పేగు ఖాళీగా ఉండాలి. బ్లాడర్ నిండితే దానిలో చాలా భాగం రేడియేషన్ దారి నుంచి పైకి తప్పుకుంటుందట. ఒకరోజు మెషిన్ ఆలస్యమైంది, ఆపుకోలేక వెళ్లొచ్చేశాను. తిడతారనుకున్నా. "పర్లేదు అంకుల్, మళ్లీ నీళ్లు తాగండి, మీ వెనకాయన్ని ముందు పిలుస్తాం" అన్నాడు టెక్నీషియన్ కుర్రాడు. అతనికి థాంక్స్. వెనకాయనకి చెప్పక్కర్లేదు, అప్పటికే కాళ్లు మెలిపెట్టుకుని నిలబడ్డాడు, ఆయనే నాకు చెప్పాలి!

మూడో వారం నుంచి మంట, సన్నటి ధార, రాత్రికి ఆరుసార్లు లేవడం. టామ్సులోసిన్ అనే మందు ఇచ్చాక ధార కుదుటపడింది (మొదట్లో లేవగానే కళ్లు తిరిగేవి). రెండు మూడు నెలల్లో మంట పోయింది. వచ్చిందంటే పరుగెత్తాల్సిన ఆ తొందర మాత్రం పోలేదు. నేను చేసిన తెలివితక్కువ పని, నీళ్లు తగ్గించేయడం. మూత్రం చిక్కబడి బ్లాడర్‌ని ఇంకా రేపింది.

ఏడో నెలలో చెకప్. పీఎస్ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) దిగుతోందని డాక్టరుగారు సంతోషించారు, "బాగానే ఉన్నానండీ" అన్నాను. తర్వాత సిస్టర్ ఒక కాగితం ఇచ్చారు. మూత్రం గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువన్నట్టు. మొత్తం 35లో నాకు 17. ఎనిమిదో ప్రశ్న వేరు: జీవితాంతం ఇలాగే ఉంటే మీకెలా ఉంటుంది? 0 అంటే హాయిగా, 6 అంటే ఘోరంగా. మధ్యలో 3 దగ్గర టిక్కు పెట్టాను. సిస్టర్ దాన్ని ఫైల్లో పెట్టేయలేదు. "ఈమధ్య బయటికి ఎక్కడికెళ్లారు సార్?" అన్నారు. నేను నోరు విప్పేలోపే మా ఆవిడ, "ఎక్కడికమ్మా, ఇల్లు కదిలితేగా" అంది. టిక్కు కొట్టేసి 5 దగ్గర పెట్టాను. ఆ 5 వల్లే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు.

ఆ ఫిజియోథెరపిస్టు మూడు రోజులు మూత్రాన్ని కొలజాడీతో కొలిచి రాయమన్నారు. నలభై నిమిషాలకోసారి వెళ్తున్నాను, వచ్చేది 90 మిల్లీలీటర్లు. అంటే బ్లాడర్ నిండకుండానే గోల చేస్తోందన్నమాట. తొందర పుట్టగానే పరుగెత్తకుండా కూర్చోవాలి, గ్యాస్ ఆపుకున్నట్టు కింది కండరాన్ని నాలుగైదుసార్లు టకటకా బిగించి వదలాలి, ఊపిరి బిగబట్టకూడదు. అల తగ్గాక మెల్లగా నడిచి వెళ్లాలి. వారానికో పది నిమిషాలు పొడిగించుకుంటూ పోయాం. కాఫీ ఒక్కసారికి దిగింది, అదొక్కటే నాకు కష్టమనిపించింది.

ఏడాది దాటాక ఒకరోజు మూత్రంలో గులాబీరంగు కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. నాకంటే ముందు ఇదే వైద్యం చేయించుకున్న మిత్రుడు ఫోన్లో నా గొంతు పట్టేశాడు. "ఒక్కసారి కనపడినా సరే, చూపించుకోవాల్సిందే" అని తనే వెంటబెట్టుకెళ్లాడు. కెమెరా వేసి చూస్తే, రేడియేషన్ తగిలిన చోట లోపలి పొరలో సన్నటి రక్తనాళాలు పెళుసుబారాయన్నారు. ఇంకేమీ లేదు. ఒరేయ్, ఆ రోజు నువ్వు నన్ను తిట్టిన తిట్లన్నిటికీ థాంక్స్.

చెప్పకుండానే పరుపు మీద ప్లాస్టిక్ కవరు వేసి, బాత్రూమ్ దారిలో చిన్న లైటు పెట్టి, ఆ సంగతి ఒక్కసారీ ఎత్తని మా ఆవిడకి ఇక్కడ థాంక్స్ చెబితే నవ్వుతుంది. నవ్వనీ.

ఇప్పటికీ రాత్రి రెండుసార్లు లేస్తున్నాను. సిస్టర్, వచ్చే నెల చెకప్‌కి వస్తున్నాను. ఈసారి ఎనిమిదోదానికి 2 పెడతాను, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి.