చిన్న మ్యూజియంలలోకీ అందరికీ దారి ఉండాలి

సంపాదకులకు,

నమస్కారం.

హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం వంటి పెద్ద సంస్థలే కాక, స్థానికులు విరాళాలతో, పాత కుటుంబాలు ఇచ్చిన వస్తువులతో నడుపుకొంటున్న చిన్న మ్యూజియంలు కూడా ఉన్నాయి. పాత దేవిడీలో, అంటే నవాబుల కాలపు పెద్ద భవంతిలో, ఏర్పాటైన అలాంటి ఒక మ్యూజియంలో నేను సెలవు రోజుల్లో సందర్శకులకు వస్తువుల గురించి వివరిస్తుంటాను. దాని మరమ్మతులకు ఇప్పుడు అంచనాలు వేస్తున్నారు. రంగులు, దీపాలు, గాజు బీరువాలు అన్నిటికీ పద్దులున్నాయి కానీ, చక్రాల కుర్చీలో వచ్చినవారు గుమ్మం ఎలా దాటాలో, చూపు లేనివారు లోపల ఏం తెలుసుకోవాలో ఆలోచించిన పద్దు ఒక్కటీ లేదు. అడిగితే, మనది చిన్న మ్యూజియం, అవన్నీ పెద్దవాటికి అన్నారు. ఈ అభిప్రాయం చాలామందిలో ఉందని నాకు తెలుసు కాబట్టే మీ పత్రిక ద్వారా నా మాట చెప్పదలిచాను.

చట్టం చిన్నా పెద్దా తేడా చూపలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వచ్చిపోయే ఏ భవనమైనా, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, సాంస్కృతిక అవసరాలకు వాడేదైనా, ప్రజా భవనమే. అప్పటికే ఉన్న భవనాలను నిబంధనలు వెలువడిన ఐదేళ్లలోగా అందరికీ అనువుగా మార్చాలని చట్టం చెప్పింది. 2017 జూన్‌లో నిబంధనలు వచ్చాయి కనుక ఆ గడువు 2022లోనే తీరిపోయింది. ఇవి సూచనలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను రూపొందించాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు కోరికపై దేశంలోని పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే. అంతటి పని చేసినవారు ఇంత దగ్గరలో ఉండగా, మా మ్యూజియం వారిని ఒక్కమాట సలహా అడగకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

పాత దేవిడీలకు గచ్చు ఎత్తు, గడపలు ఎత్తు, గోడలు డంగు సున్నానివి. వాటిని పగలగొట్టమని ఎవరూ అడగరు. ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే ఎక్కవలసిన ఎత్తు అడుగున్నర. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు అన్న ప్రమాణంతో లెక్కిస్తే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. వీధి వైపు అంత చోటు లేకపోయినా చాలా దేవిడీలకు పక్కన పెరడో, లోపల వాకిలో ఉంటుంది. గోడకు తగలకుండా, కావాలంటే తీసేయగలిగేలా, ఇనుప చట్రంపై చెక్కలు పరిచి ర్యాంపు కట్టవచ్చు. నిటారుగా నాలుగడుగుల సిమెంటు పోసి పని అయిందనిపించడం మాత్రం ప్రమాదం. అటువంటి ర్యాంపుపై కుర్చీ వెనక్కి జారుతుంది. మరుగుదొడ్డి సంగతీ ఇంతే ముఖ్యం. తలుపు వెడల్పుగా ఉండి బయటికి తెరుచుకోవాలి, లోపల కుర్చీ తిరిగే చోటు, పట్టుకోవడానికి కడ్డీలు ఉండాలి. చీపుర్లు, విరిగిన కుర్చీలు పెట్టుకునే గదిగా దాన్ని మార్చకూడదు.

ర్యాంపు వేయడంతోనే బాధ్యత తీరిపోయిందని అనుకోవడం కూడా సరికాదు. ఢిల్లీలోని జాతీయ మ్యూజియం 2015లో 'అనుభవ్' పేరిట, ప్రతిరూపాలను ముట్టుకుని తెలుసుకునే గ్యాలరీని ప్రారంభించింది. చిన్న మ్యూజియంలకు ఈ విషయంలో ఇంకా మంచి అవకాశం ఉంది. మన దగ్గరున్నవాటిలో చాలావరకు తిరగళ్లు, రోళ్లు, ఇత్తడి బిందెలు, కవ్వాలు, కొలపాత్రలు. తరతరాలుగా చేతుల్లో నలిగిన వస్తువులివి, శుభ్రమైన చేయి తగిలితే పాడైపోయేవి కావు. చూపు లేని పిల్లవాడి ముందు సోల, తవ్వ, మానిక, కాసిన్ని బియ్యం పెడితే, రెండు సోలలు ఒక తవ్వ అని, రెండు తవ్వలు ఒక మానిక అని వాడు తన చేత్తోనే కొలిచి తెలుసుకుంటాడు. గాజు వెనుక వాటిని చూసి వెళ్లే మిగతా పిల్లలకు కూడా అంత బాగా తెలియదు! పాత కాగితాలు, బట్టలు, చిత్రపటాలు ముట్టుకోకూడదన్నది నిజమే. పాత చీర ఉన్న బీరువా పక్కనే గజం కొత్త పోచంపల్లి బట్టను వేలాడదీస్తే నేత ఎలా ఉంటుందో చేతికి తెలుస్తుంది.

వివరాలను బ్రెయిలీలో ఇవ్వడం అవసరమే. అయితే వయసు మీరాక చూపు పోయినవారికి బ్రెయిలీ చదవడం రాకపోవచ్చు కనుక, అవే వివరాలను తెలుగులో, ఉర్దూలో చదివించి ఫోనులో వినేలా పెట్టాలి. వినికిడి లేనివారి కోసం భారతీయ సంజ్ఞా భాషలో వీడియో ఉండాలి. పేరు పలకలను కుర్చీలో కూర్చున్నవారి కంటికి అందే ఎత్తులో పెద్ద అక్షరాలతో రాయడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

ఇవన్నీ ఎవరికివారు ఊహించి చేస్తే పొరపాట్లు తప్పవు. బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. అంచనాలు ఖరారు చేయకముందే ఇటువంటి సంస్థల నుంచి, వికలాంగుల సంఘాల నుంచి కొందరిని పిలిచి, గేటు నుంచి చివరి గది వరకు నడిపించి, వారు ఆగిన ప్రతిచోటునూ రాసుకోవాలి. వారి రాకపోకల ఖర్చును, సమయానికి తగిన పారితోషికాన్ని మ్యూజియమే భరించాలి.

రాష్ట్ర వారసత్వ శాఖకు నా విన్నపం ఒక్కటే. పాత కట్టడాల పని తెలిసిన ఇంజినీరును చిన్న మ్యూజియంల వద్దకు పంపి, కట్టడం చెడకుండా ఏ మార్పు ఎక్కడ చేయవచ్చో రాతపూర్వకంగా చెప్పించాలి. కంపెనీల చట్టంలోని ఏడో షెడ్యూలు వారసత్వ పరిరక్షణను సామాజిక బాధ్యత ఖర్చుగా అంగీకరిస్తోంది కనుక, ఆ నివేదిక చేతిలో ఉంటే నిర్వాహకులు కంపెనీలనూ సహాయం అడగగలుగుతారు. మా మ్యూజియంలో ఇంకా రంగుల పని మొదలుకాలేదు. ర్యాంపుకు, మరుగుదొడ్డికి అంచనాలో చోటు కల్పించడానికి ఇప్పటికీ సమయం ఉంది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
హైదరాబాద్