జారెడ్ గోల్డెన్ అంటే ‘సొంత పార్టీకి షాక్’ ఒక్కటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికా ప్రతినిధుల సభలో ఎవరైనా తన పార్టీకి వ్యతిరేకంగా ఓటేస్తే చాలు, మన పేపర్లలో హెడ్డింగు రెడీగా ఉంటుంది, ‘సొంత పార్టీకి షాక్’ అని. ఆ షాక్ ఎందుకిచ్చాడు, అతన్ని గెలిపించిన జనం ఎవరు, అంతకుముందు దేనికి అవునన్నాడు, దేనికి కాదన్నాడు, ఇవేవీ ఉండవు. మెయిన్ రాష్ట్రం నుంచి వరుసగా నాలుగుసార్లు గెలిచిన డెమోక్రాట్ జారెడ్ గోల్డెన్ ఇక పోటీ చేయనని 2025 నవంబరులో ప్రకటించాడు. నేను చదివే పేపర్లో అది లోపలి పేజీలో ఓ మూలన నాలుగు లైన్లు వచ్చింది. ట్రంప్ ఎవర్ని తిట్టాడో అరపేజీ వేసేవాళ్లం కదా, ఈ మనిషికి ఒక కాలమ్ ఇవ్వలేమా అనిపించి ఇది రాస్తున్నా. కొంచెం పొడుగైంది. కోసుకోండి, పర్లేదు, ఓట్ల లెక్కలు మాత్రం ఉంచండి.

ముందు ఆ నియోజకవర్గం సంగతి చెప్పాలి, అది తెలియకపోతే గోల్డెన్ అర్థం కాడు. మెయిన్ రాష్ట్రానికి ప్రతినిధుల సభలో రెండే సీట్లు. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉన్న చిన్న ముక్క ఒకటో డిస్ట్రిక్ట్ (అంటే నియోజకవర్గం), డెమోక్రాట్లకు కంచుకోట. మిగిలినదంతా, అంటే రాష్ట్రం నేలలో దాదాపు ఐదింట నాలుగు వంతులు, రెండో డిస్ట్రిక్ట్. మిసిసిపీ నదికి తూర్పున ఇంత విస్తీర్ణం ఉన్న డిస్ట్రిక్ట్ మరొకటి లేదు. అడవులు, మూతపడ్డ కాగితం మిల్లులు, బంగాళాదుంప పొలాలు, లాబ్‌స్టర్లు పట్టే పడవలు, లూయిస్టన్, బ్యాంగర్ లాంటి పాత మిల్లు ఊళ్లు. 2008లో, 2012లో ఒబామాకు మెజారిటీ ఇచ్చిన ఈ జనమే 2016, 2020, 2024లో మూడుసార్లూ ట్రంప్‌కు వేశారు. (మెయిన్, నెబ్రాస్కా ఈ రెండు రాష్ట్రాలే అధ్యక్ష ఎన్నికల ఓట్లను డిస్ట్రిక్టుల వారీగా పంచుతాయి, అందుకే మెయిన్‌లో మూడు ఎలక్టోరల్ ఓట్లు డెమోక్రాట్లకు పోయినా ఒకటి మాత్రం ట్రంప్ ఖాతాలో పడుతూ వచ్చింది.)

గోల్డెన్ ఇక్కడివాడే. కాలేజీ మధ్యలో వదిలేసి 2002లో మెరైన్స్‌లో చేరి అఫ్ఘానిస్థాన్‌లో, ఇరాక్‌లో పనిచేశాడు, తిరిగొచ్చి బేట్స్ కాలేజీలో డిగ్రీ చేశాడు, ఆ తర్వాత కొంతకాలం సెనేటర్ సుసాన్ కాలిన్స్ దగ్గర స్టాఫ్‌గా ఉన్నాడు. ఆమె రిపబ్లికన్, అది గుర్తుపెట్టుకోండి. 2014లో డెమోక్రాట్‌గా రాష్ట్ర శాసనసభకు వెళ్లాడు.

2018లో ప్రతినిధుల సభకు అతను గెలిచిన తీరు మనవాళ్లకు సులువుగానే అర్థమవుతుంది, ఎందుకంటే మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అని అంకెలు వేస్తాం చూడండి, మెయిన్ ప్రజలు కూడా దాదాపు అలాంటి పద్ధతే తెచ్చుకున్నారు. మొదటి ప్రాధాన్యంలో సిట్టింగ్ సభ్యుడు, రిపబ్లికన్ బ్రూస్ పొలిక్విన్ సుమారు 2 వేల ఓట్ల ఆధిక్యంలో ఉన్నాడు గానీ సగం దాటలేదు. ఇద్దరు ఇండిపెండెంట్లను తీసేసి వాళ్ల ఓటర్ల తర్వాతి ప్రాధాన్యాలు లెక్కపెడితే గోల్డెన్ సుమారు 3,500 ఓట్లతో గెలిచాడు. అమెరికా ప్రతినిధుల సభ సీటు ఈ పద్ధతిలో తేలడం అదే మొదటిసారి. ఆ డిస్ట్రిక్టులో సిట్టింగ్ సభ్యుడు ఓడిపోవడం 1916 తర్వాత అదే మొదటిసారి కూడా. పొలిక్విన్ కోర్టుకెక్కాడు, ఫెడరల్ జడ్జి కొట్టేశాడు. నా ఉద్దేశంలో ఇది చిన్న విషయం కాదు, గోల్డెన్ తర్వాత వేసిన ఓట్లన్నింటికీ మూలం ఇక్కడే ఉంది. తనను ఇష్టపడి మొదటి అంకె వేసినవాళ్లతో పాటు, ఇంకెవరినో ఇష్టపడి ‘వాడు కాకపోతే వీడు’ అని వేసినవాళ్ల దయతో కూడా సభలో కూర్చున్నవాడు మరి.

2019 జనవరిలో సభలోకి వెళ్లిన మొదటి రోజే స్పీకర్ ఎన్నికలో నాన్సీ పెలోసికి ఓటేయలేదు. అదే ఏడాది డిసెంబరులో ట్రంప్ అభిశంసన వచ్చింది. ఆరోపణలు రెండు, అధికార దుర్వినియోగం ఒకటి, కాంగ్రెస్‌ను అడ్డుకోవడం రెండోది. డెమోక్రాట్లలో దాదాపు అందరూ రెండింటికీ అవును, రిపబ్లికన్లు రెండింటికీ కాదు. మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని విడదీసి వేసింది సభ మొత్తంలో గోల్డెన్ ఒక్కడే. సాక్షులను రప్పించడానికి కోర్టుకు వెళ్లే దారి ఉండగా సభ ఆ దారి పూర్తిగా పట్టలేదు కదా అన్నది అతని వాదన. ఇటు పార్టీకీ కోపం, అటు ట్రంప్ అభిమానులకూ కోపం. ఓట్ల కోసమే అయితే ఇలా చేస్తారా ఎవరైనా? రెండింటికీ కాదంటే సరిపోయేది.

2021 మార్చిలో బైడెన్ 1.9 లక్షల కోట్ల డాలర్ల కోవిడ్ ప్యాకేజీ తుది ఓటింగులో కాదన్న డెమోక్రాట్ కూడా అతనొక్కడే, అవసరానికి మించి పెద్దదన్నాడు. నవంబరులో ‘బిల్డ్ బ్యాక్ బెటర్’ అనే బైడెన్ సంక్షేమ, వాతావరణ ఖర్చుల బిల్లుకు మళ్లీ అతనొక్కడే కాదన్నాడు. ఇది మాత్రం కొంచెం ఆగి చూడాలి. ఆ బిల్లులో రాష్ట్ర, స్థానిక పన్నులకు ఇచ్చే మినహాయింపు పరిమితిని 10 వేల డాలర్ల నుంచి 80 వేలకు పెంచే అంశం ఒకటి పెట్టారు. అంత పన్ను కట్టేది ఎవరు? న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో పెద్ద ఇళ్లున్నవాళ్లు. మిల్లు మూతపడ్డ ఊళ్ల నుంచి వచ్చినవాడు దీనికి చెయ్యెత్తి ఇంటికెళ్లి ఏం చెప్పుకుంటాడు? పార్టీలో ఎడమవైపు, అంటే వామపక్షం వైపు, ఉన్నవాళ్లు అతన్ని ‘పేరుకే డెమోక్రాట్’ అని తిట్టారు గానీ, ఆ ఒక్క అంశంలో వాళ్లకంటే ఎడమగా నిలబడింది అతనే. తర్వాత ఏడాది ఆ అంశం లేకుండా, చిన్నదై వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్‌కు అవునన్నాడు.

మధ్యేవాది అనగానే ప్రతి విషయంలోనూ సగం ఇటు సగం అటు కొలిచి నిలబడే మనిషి అనుకుంటాం. గోల్డెన్ జాబితా చూస్తే అలా ఏమీ ఉండదు. కార్మిక సంఘాల పక్షం. గర్భస్రావ హక్కులకు అనుకూలం. విద్యార్థి రుణాల మాఫీని రద్దు చేయాలన్న రిపబ్లికన్ తీర్మానానికి 2023లో ఓటేసిన ఇద్దరు డెమోక్రాట్లలో ఒకడు. అన్ని దిగుమతుల మీదా 10 శాతం సుంకం వేయాలని 2025 జనవరిలో తనే బిల్లు పెట్టాడు. ఇవి ఏ టీవీ చర్చలోనూ ఒక పక్కన ఇమడవు, ఆ డిస్ట్రిక్టులో మాత్రం ఒకే ఇంట్లో ఒకే మనిషి నోట వినపడగలవు.

తుపాకుల విషయం వేరే కథ. 2022 జులైలో అసాల్ట్ ఆయుధాల (సైనిక తరహా తుపాకుల) నిషేధం సభలో 217–213తో గట్టెక్కినప్పుడు వ్యతిరేకించిన ఐదుగురు డెమోక్రాట్లలో గోల్డెన్ ఉన్నాడు. వేట సంప్రదాయం ఉన్న ప్రాంతం, అందులోనూ మాజీ మెరైన్, అర్థం చేసుకోవచ్చు. 2023 అక్టోబరు 25న లూయిస్టన్‌లో, అతని సొంత ఊళ్లో, ఒక బౌలింగ్ సెంటర్లోనూ ఒక బార్‌లోనూ ఒకడు కాల్పులు జరిపి 18 మందిని చంపేశాడు. మర్నాడే గోల్డెన్ మైకు ముందుకొచ్చి, తాను నిషేధాన్ని వ్యతిరేకించడం తప్పని, ఇకపై దానికి మద్దతిస్తానని, తన ఊరి జనం క్షమించాలని అడిగాడు. రాజకీయ నాయకులు మాట మార్చడం మనకు కొత్త కాదు, కానీ మార్చేవాళ్లు సాధారణంగా గాలి ఎటుంటే అటు మారుస్తారు. ఇతను ఎదురుగాలిలో మార్చాడు. ఏడాది తిరగకుండా ఎన్నికలున్నాయి, ట్రంప్ మళ్లీ బరిలో ఉన్నాడు, తుపాకీ ఉన్న ఇళ్లు బోలెడు. అతని మీద విమర్శ కూడా ఉంది, తన ఊళ్లో జరిగితేగానీ తెలియలేదా, అంతకుముందు వేరే ఊళ్లలో చచ్చినవాళ్లు మనుషులు కాదా అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు నా దగ్గర లేదు, అతని దగ్గర కూడా ఉన్నట్టు నాకనిపించలేదు.

2024లో ట్రంప్ అక్కడ 9 పాయింట్లకు పైగా గెలిచాడు. అదే బ్యాలెట్ మీద గోల్డెన్, కార్ రేసుల డ్రైవర్‌గా పేరున్న రిపబ్లికన్ ఆస్టిన్ థెరియో మీద సుమారు 2,700 ఓట్లతో బయటపడ్డాడు. దేశం మొత్తంలో ట్రంప్ గెలిచిన డిస్ట్రిక్టుల్లో నెగ్గిన డెమోక్రాట్లు 13 మందే.

అలాగని అతను చేసిందల్లా ఒప్పని నేననడం లేదు. ట్రంప్ గెలుస్తాడు, ప్రజాస్వామ్యానికి వచ్చిన ఢోకా ఏమీ లేదు అని 2024 జులైలో బ్యాంగర్ పేపర్లో వ్యాసం రాశాడు. మొదటి సగం నిజమైంది. రెండో సగం మీద మాత్రం అంత ధీమా ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. 2025లో ఓటరు నమోదుకు పౌరసత్వ రుజువు అడిగే సేవ్ యాక్ట్‌కు ఓటేసిన నలుగురు డెమోక్రాట్లలో ఒకడయ్యాడు, అది కూడా నాకు మింగుడుపడలేదు. కానీ అదే ఏడాది రిపబ్లికన్ బ్రయాన్ ఫిట్జ్‌పాట్రిక్‌తో కలిసి చేసిన పని చూడండి. ఫెడరల్ ఉద్యోగుల్లో ఎక్కువమందికి సంఘాల ద్వారా బేరమాడే హక్కును ట్రంప్ ఒక ఉత్తర్వుతో తీసేశాడు. దాన్ని తిరిగిచ్చే బిల్లును స్పీకర్ సభకు తేకపోతే, 218 మంది సభ్యుల సంతకాలు కూడగట్టి స్పీకర్‌ను దాటుకుని తెచ్చారు, డిసెంబరులో 231–195తో నెగ్గించారు. రెండు పార్టీలవాళ్లూ నమ్మే మనిషి లేకపోతే ఆ సంతకాలు పడవు. దీనికి ‘షాక్’ హెడ్డింగు ఎవరూ పెట్టినట్టు లేదు.

మరి ఎందుకు మానేస్తున్నాడు? ఎడమవైపు నుంచి రాష్ట్ర ఆడిటర్ మ్యాట్ డన్లప్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, పోటీకి దిగాడు, కుడివైపు నుంచి మాజీ గవర్నర్ పాల్ లెపేజ్ సిద్ధంగా ఉన్నాడు. అతను మాత్రం ఓడిపోతానన్న భయం లేదు, గెలుస్తానేమో అన్నదే బెంగ అని రాశాడు. తిట్లు, ద్వేషం, ఇంటిదాకా వచ్చిన బెదిరింపులు, ఏ పనీ సాగని సభ. చిన్నపిల్లలున్న ఇల్లు, కాదనలేం. కానీ ప్రైమరీ సంగతి పక్కన పెట్టలేం. నవంబరు ఎన్నికలో గెలిపించే గుణమే ప్రైమరీలో మనిషిని ముంచుతుంది, ఎందుకంటే అక్కడ ఓటేసేది పార్టీలో గట్టిగా నమ్మే కొద్దిమంది. అవతలి వైపు డాన్ బేకన్ కథ చూస్తే అద్దంలో చూసినట్టే. నెబ్రాస్కాలో ఒమాహా సీటు, మాజీ ఎయిర్‌ఫోర్స్ బ్రిగేడియర్ జనరల్, 2024లో కమలా హారిస్ గెలిచిన డిస్ట్రిక్టుల నుంచి గెలిచిన ముగ్గురే ముగ్గురు రిపబ్లికన్లలో ఒకడు. ఆయన కూడా 2025 జూన్‌లోనే ఇక చాలన్నాడు.

మనం వీళ్లను చూసి జాలిపడే ముందు ఒకటి. గోల్డెన్ మన దగ్గర పుట్టి విప్ ఉన్న బిల్లుకు ఆ రకంగా ఓటేసి, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే, 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద పదవికే ఎసరు. బిల్లు నచ్చక కాదన్నవాడిని కట్టడి చేసే ఆ చట్టమే, గెలిచిన కొన్నాళ్లకు కండువా మార్చుకున్నవాళ్ల విషయంలో ఎంత నింపాదిగా నడుస్తుందో మీకు నేను చెప్పాలా? తెలంగాణ ఫిరాయింపుల కేసులో మూడు నెలల్లో తేల్చండి అని స్పీకర్‌కు చెప్పడానికి 2025 జులై 31న సుప్రీంకోర్టు దిగాల్సి వచ్చింది. గోల్డెన్ పార్టీ మారలేదండీ. అంతసేపూ డెమోక్రాట్‌గానే ఉండి, నచ్చనిదానికి కాదన్నాడు. మనవాళ్లు ఎక్కువగా దీనికి తలకిందులు, సభలో పార్టీ చెప్పిన ప్రతిదానికీ అవునంటారు, తర్వాత ఏకంగా పార్టీనే మారతారు. ఇద్దరినీ గోడ మీద పిల్లులే అంటే ఎలా?

కాబట్టి నా కోరిక చిన్నది. ఇకమీద ఇలాంటి వార్త వేసినప్పుడు ఆ సభ్యుడి డిస్ట్రిక్ట్ గత మూడు అధ్యక్ష ఎన్నికల్లో ఎవరికి వేసిందో ఒక లైను, అతను అంతకుముందు వేసిన ముఖ్యమైన ఓట్లు రెండు లైన్లు ఇవ్వండి. 2026 నవంబరులో మెయిన్ రెండో డిస్ట్రిక్ట్ ఫలితం వేసేటప్పుడు రెండో ప్రాధాన్యం లెక్క దాకా వెళ్తే అది కూడా వేయండి. మొదటి రాత్రి లెక్క చూసి విజేత పేరు అచ్చేస్తే 2018లో అయితే తప్పయ్యేది.

ఇట్లు,
మీ పాఠకుడు